పెన్సిలుతో రాయవలసిన గళ్ళు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇలాంటివి చెప్పబోయే వాళ్ళందరూ ముందు ఈ మాటే అంటారు కాబట్టి, నా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మా నాయన మిషను బడిలో పంతులు. ఊరి చివర చింతచెట్టు మీద దయ్యం ఉందని మేం పిల్లలం భయపడి ఏడిస్తే, ఆయన మిట్టమధ్యాహ్నం మా అందరినీ ఆ చెట్టు కిందికి తీసుకుపోయి, కాయలు రాల్పించి, ఇంటికి తెచ్చి పచ్చడి నూరించాడు. పచ్చడి బ్రహ్మాండంగా కుదిరింది. అప్పటి నుంచి దయ్యం అంటే నాకు నోట్లో నీళ్ళూరడమే తప్ప భయం లేదు.

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. ఒక రిజిస్టరు, ఒక ఫౌంటెన్ పెన్ను, మోచేతుల దాకా కుంకుడుకాయ నురగ ఉన్నాయి. జరిగిందంతా పట్టపగలే జరిగింది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆత్మకూరులో ఒక అనాథ పిల్లల శరణాలయంలో సహాయకురాలిగా చేరాను. పెద్ద పెంకుటిల్లు, వెనక బావి, పద్దెనిమిది మంది పిల్లలు. అందరికీ పైన మేట్రను దేవసహాయమ్మ గారు. వంటకు మస్తానమ్మ. నేను కావలి వైపు నుంచి వచ్చినదాన్ని. ఆత్మకూరుకు పడమర ఏముందో నాకు బొత్తిగా తెలియదు. ఉదయగిరి కొండ మీద కోట ఉందని బడిలో చదువుకున్నాను, అంతే. ఈ సంగతి ఒకటి గుర్తుంచుకోండి.

అనాథ శరణాలయం అనగానే జనం కన్నీళ్ళు ఊహించుకుంటారు. నాకైతే అక్కడ ఏడవడానికి తీరికే దొరకలేదు. తెల్లారితే పక్క తడిపిన వాళ్ళ చాపలు ఎండేయడం, గజ్జి ఉన్నవాళ్ళకు గంధకం మందు పూయడం, పేలు తీయడం, అక్షరాలు దిద్దించడం, ఒకడి ముక్కులో ఇరుక్కున్న శెనగగింజ పిన్నుతో లాగడం. అన్నిటికంటే పెద్ద పని, తప్పిపోయి వచ్చిన పిల్లల తాలూకు వాళ్ళను వెతికి పట్టుకోవడం. అనాథలని రాసుకున్న వాళ్ళలో సగం మందికి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఉండేవాళ్ళు.

ఈ వెతుకులాటకు మూలం రిజిస్టరు. అందులో ఒక్కో పిల్లకు పద్నాలుగు గళ్ళు. పేరు, వయసు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, ఊరు, తోబుట్టువులు, ఇట్లా. నేను చేరకముందు వచ్చి పోయిన ఇన్‌స్పెక్టరు ఖాళీగా ఉన్న ప్రతి గడి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి పోయాడట. ‘తెలియదు’ అని రాసిన చోట పక్కనే ‘ఎందుకు తెలియదు?’ అని రాశాడట. అప్పటి నుంచి దేవసహాయమ్మ గారు ఒక పద్ధతి పెట్టారు. పిల్ల వచ్చిన రోజు, తోచిన ఊహ ఏదో పెన్సిలుతో గళ్ళన్నీ నింపాలి. విచారణ జరిగాక అది చెరిపి, నిజం సిరాతో రాయాలి. పెన్సిలు అంటే ఊహ, సిరా అంటే నిజం. ఆ పెన్సిలును రిజిస్టరుకే దారంతో కట్టి ఉంచేవాళ్ళు.

నేను చేరిన మూడో వారం, శనివారం. శనివారం అంటే పిల్లలకు తలంట్లు. పద్దెనిమిది తలలకు నూనె, పద్దెనిమిది జతల కళ్ళలో కుంకుడు రసం, ఆ గోల ఊరంతా వినిపించేది. దేవసహాయమ్మ గారు మీటింగుకని నెల్లూరు పోయారు. ఆ గోల మధ్యలో ఒక కానిస్టేబులు నాలుగేళ్ళ ఆడపిల్లను చంకన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

అనుమసముద్రంపేట దర్గాలో గంధం ఉత్సవం అప్పుడే ముగిసింది. ఆ జనంలో తప్పిపోయిన పిల్ల. బొరుగుల అంగడి ముసలమ్మ రెండు రోజులు చూసి, ఎవరూ రాకపోతే పోలీసులకు అప్పగించింది. పిల్లను ఏమడిగినా నోరు తెరవదు. ఊ అనదు, ఆ అనదు. కానిస్టేబులుకు బస్సు తొందర. బయట బస్సువాడు హారను మోగిస్తూనే ఉన్నాడు.

“రాసుకొని సంతకం పెట్టమ్మా, బస్సు పోతా ఉండాది” అన్నాడు.

పెన్సిలు కోసం చూస్తే దారం మాత్రమే ఉంది. మా పిల్లలు ఎప్పుడో కాజేశారు. చేతులు చీరకు తుడుచుకుని, మా నాయన కొనిచ్చిన ఫౌంటెన్ పెన్ను తీశాను. పిల్లను బల్ల మీద కూర్చోబెడితే నా ఎడమచేతి చిటికెనవేలు పట్టుకుంది. నేను గళ్ళు నింపేశాను. నిమిషం పట్టి ఉంటుందేమో. పేరు వెంగమ్మ. తండ్రి పెంచలయ్య. తండ్రి చేసే పని, రోళ్ళకు తిరగళ్ళకు గంట్లు కొట్టడం. ఊరు, ఉదయగిరి దాటాక కొంగలదిన్నె. తోబుట్టువులు, చెల్లెలు ఒకతె, రవణమ్మ. (ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ మార్చి రాస్తున్నాను. అసలు పేర్లు నాకు తెలుసు.)

అప్పుడు నాకు ఒళ్ళు జలదరించలేదు. చల్లగాలి వీయలేదు. ఎవరూ చెవిలో ఏమీ చెప్పలేదు. పరీక్షలో తెలియని ప్రశ్నకు నోటికొచ్చింది రాసేస్తాం చూడండి, అట్లా రాశాను. కానిస్టేబులు పోయాడు. నేను మళ్ళీ తలంట్లలో పడ్డాను. కొత్తపిల్లకు కూడా తల రుద్దేశాను. అది ఒక్కతే ఏడవలేదు, కిలకిలా నవ్వింది.

సోమవారం దేవసహాయమ్మ గారు వచ్చి రిజిస్టరు తెరిచారు. గళ్ళన్నీ సిరాతో నిండి ఉండడం చూసి, కానిస్టేబులే వివరాలు తెచ్చి ఇచ్చాడనుకున్నారు. “చూశావా మస్తానమ్మా, ఇన్నేళ్ళకు ఒక్క ఖాళీ లేకుండా రాసే పిల్ల దొరికింది” అని వంటింట్లోకి వినబడేలా మెచ్చుకున్నారు. మెప్పు నాకు తియ్యగా ఉంది. నోరు మూసుకున్నాను. నా తప్పు ఏదైనా ఉంటే అది సిరాతో రాయడం కాదు, ఆ పూట నోరు మూసుకోవడమే.

వెంగమ్మ అని పిలిస్తే ఆ పిల్ల తిరిగి చూసేది. ఏ పేరుతో పిలిచినా చూస్తుందిలే అనుకున్నాను. కడుపు నిండా తినేది, అందరితో ఆడేది, నవ్వేది. మాట మాత్రం లేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరు నోరు తెరిపించి చూసి, గొంతులో లోపం ఏమీ లేదన్నాడు. ఒక అలవాటు మాత్రం ఉండేది. రెండు రాళ్ళు దొరికితే చాలు, ఒకదానితో ఇంకోదాన్ని టక్ టక్ టక్ అని కొడుతూ కూర్చునేది. ఇది నేను రిజిస్టరు రాశాక మొదలైంది గానీ ముందు కాదు. దాన్ని చూసి నేను రాశానని ఎవరైనా అంటారేమోనని ముందే చెబుతున్నాను.

నెల గడిచింది. ఒక ఉదయం మా దగ్గరున్న తొమ్మిదేళ్ళ పిల్లను బందరు వైపు ఉన్న పెద్ద శరణాలయానికి పంపించారు. మూడు నెలల్లో ఎవరూ రాకపోతే అట్లా పంపడం రూలు. బస్సు కిటికీలోంచి ఆ పిల్ల మాకు చెయ్యి ఊపుతుంటే, దీని వాళ్ళు ఇక బందరు దాకా వచ్చి ఏం వెతుకుతారు అనిపించింది. ఉండబట్టలేక, వెంగమ్మ కోసం దండోరా ఎప్పుడు వేయిస్తారని దేవసహాయమ్మ గారిని అడిగాను. ఆచూకీ లేని పిల్లలకు చుట్టుపక్కల సంతలన్నిటిలో దండోరా వేయించేవాళ్ళు.

“దానికి దండోరా ఏందే? ఊరూ పేరూ తెలిసినాక? నెల్లూరు ఆఫీసుకు కాగితం పంపించినాను, వాళ్ళు ఆ ఊరికి రాస్తారు” అన్నారు ఆమె.

నేను కల్పించిన ఊరు వల్ల అసలు ఊరిని ఎవరూ వెతకడం లేదు. నా సిరా ఆ పిల్ల దారికి అడ్డం పడి ఉంది. ఇంకో రెండు నెలలు పోతే ఆ బస్సు కిటికీలో వెంగమ్మ ఉంటుంది. ఉద్యోగం పోయినా పోనీ అనుకుని, అక్కడే నిలబడి ఉన్నదంతా చెప్పేశాను.

దేవసహాయమ్మ గారు తిట్టడం మొదలుపెట్టాక మస్తానమ్మ పొయ్యి ఆర్పి మరీ వచ్చి వినింది.

“కతలు రాసేదానివి పత్రికల్లో రాసుకోరాదా? నా రిజిస్టరే దొరికిందా నీకు? బిడ్డ బతుకే అది! రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరు. నేనూ వస్తా. నువ్వు పుట్టించిన ఊరు నువ్వే నాకు చూపించాల. లేదని తేలినాక, ఆ ఉదయగిరి సంతలోనే నీ చేత దండోరా వేయిస్తా. డప్పు కూడా నీ మెడకే!”

మరునాడు ముగ్గురం ఉదయగిరి బస్సెక్కాం. దేవసహాయమ్మ గారి ఒళ్ళో గుడ్డలో చుట్టిన రిజిస్టరు, నా ఒళ్ళో వెంగమ్మ. మస్తానమ్మ పులిహోర కట్టిచ్చింది. దారి పొడవునా దేవసహాయమ్మ గారు నాతో మాట్లాడలేదు, పులిహోర మాత్రం నా వాటా కూడా తినేశారు.

ఉదయగిరిలో దిగాక బస్సువాళ్ళను అడిగాం, కొంగలదిన్నె తెలియదన్నారు. కాఫీ హోటల్లో తెలియదన్నారు. తపాలా ఆఫీసులో అడిగితే, ఆ పేరుతో ఉత్తరం ఒకటి నెల్లూరు నుంచి వచ్చిందనీ, అట్లాంటి ఊరు లేదని తిప్పి పంపామనీ చెప్పారు. దేవసహాయమ్మ గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “పద, డప్పు వెతుకుదాం” అన్నారు.

అప్పుడే కొండ మీంచి కట్టెలమోపుతో దిగివచ్చిన ఒక ముసలాయన, మా మాటలు విని ఆగాడు.

“కొంగలదిన్నా? ఎందుకు లేదూ, ఉండాది. వరికుంటపాడు బాటలో పోయి ఎడంపక్కకు తిరగాల. పది పన్నెండు కొంపలు. వాళ్ళు ఈడికి దిగేదే తక్కువ, ఇంక టపా ఎవురు రాస్తారు వాళ్ళకు?”

నేనూ దేవసహాయమ్మ గారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె వెంటనే ఒంటెద్దు బండి మాట్లాడారు.

ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు బండి ఎడంపక్కకు తిరిగింది. కంపచెట్లు, రాతి గుట్టలు. ఇళ్ళు ఇంకా కనిపించలేదు గానీ ఒక చప్పుడు వినిపించింది. టక్ టక్ టక్. ఆగడం. మళ్ళీ టక్ టక్ టక్. నా ఒళ్ళో పిల్ల నిటారుగా లేచి కూర్చుంది. బండి ఆగకముందే జారి దిగి పరుగెత్తింది.

“నాయనా!” అని అరిచింది.

ఐదు వారాల్లో ఆ పిల్ల నోట నేను విన్న మొదటి మాట అది. ఒక పందిరి కింద తిరగలి రాయి ముందు కూర్చున్న మనిషి చేతిలో ఉలి అట్లాగే ఆగిపోయింది. లేవబోయి, లేవలేక, కూర్చున్న చోటే రెండు చేతులూ చాచాడు. ఇంట్లోంచి వచ్చిన తల్లి ముందు పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. “యాడికి పోయినావే నా తల్లీ, యాడికి పోయినావే” అని మళ్ళీ దాన్నే కావిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడవడానికి తీరిక లేదని ఇందాక అన్నాను గానీ, ఆ రోజు దొరికింది. దేవసహాయమ్మ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

గంధానికి పేటకు పోయిన వాళ్ళు, పిల్ల తప్పిపోతే, పోలీసులంటే భయపడి ఠాణాకు పోకుండా, పది రోజులు అక్కడే వెతికారట. ఎవరో నెల్లూరు బస్సులో చూశామంటే నెల్లూరంతా తిరిగారట. ఆత్మకూరులో ఇట్లాంటి ఇల్లు ఒకటి ఉందని వాళ్ళకు చెప్పిన వాళ్ళే లేరు.

దేవసహాయమ్మ గారు తేరుకుని రిజిస్టరు విప్పారు. పిల్లను అప్పగించేటప్పుడు తండ్రి చేత వేలిముద్ర వేయించుకోవాలి. దాని కంటే ముందు, ఆ పందిరి కిందే ఒక్కో గడి చదివి సరిచూశారు. పిల్ల పేరు వెంగమ్మ. సరే, ఉదయగిరి సీమలో ఇంటికో వెంగమ్మ ఉంటుంది. తండ్రి పేరు పెంచలయ్య. సరే, మా జిల్లాలో రాయి విసిరితే ఎవరో ఒక పెంచలయ్యకే తగులుతుంది. తండ్రి చేసే పని అని ఆమె చదువుతూ ఆగారు. ఆయన చేతిలో ఉలి ఇంకా అట్లాగే ఉంది. ఆమె గొంతు తగ్గింది.

“చెల్లెలు ఉందా?” అన్నారు. పేరు చదవలేదు. అది నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

“లేదమ్మా. మాకు యిదొక్కటే బిడ్డ” అంది తల్లి.

దేవసహాయమ్మ గారి ముఖం విప్పారింది. నాకూ ప్రాణం లేచి వచ్చింది. ఒకటైనా అబద్ధమైంది, నేను మామూలు మనిషినే. ఆమె అక్కడికక్కడ ఎర్రసిరాతో ఆ గడి కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టారు.

పెంచలయ్య వేలిముద్ర వేస్తూ అడిగాడు. “మా ఊరు మీకు ఎవురు చెప్పినారమ్మా? అది ఏ కాగితంలోనూ ల్యా.”

“విచారణలో తెలిసింది” అన్నారు దేవసహాయమ్మ గారు గంభీరంగా.

తిరుగు బస్సులో ఆమె నాతో మాట్లాడారు. ఎవరి దగ్గరైనా విన్నావా అంటే లేదన్నాను. మస్తానమ్మది అనుమసముద్రంపేట, ఆమె కొంగలదిన్నె పేరే ఎరగదు. కానిస్టేబులును తరువాత అడిగాం, అతనిదీ అదే మాట. ఆమె చివరకు, “ఎవరికీ చెప్పబాకు. ఇన్‌స్పెక్టరుకు తెలిస్తే అన్ని రిజిస్టర్లూ నీ చేతే రాయిస్తాడు” అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

మరుసటి ఏడు గంధానికి వచ్చిన పెంచలయ్య దంపతులు మా శరణాలయానికి వచ్చారు. వెంగమ్మ గుమ్మంలో మొదలుపెట్టిన మాట వంటింటి దాకా ఆపలేదు. అప్పుడెందుకే ఒక్క మాట కూడా మాట్లాడలేదని అడిగాను.

“నువ్వు పుస్తకంలో రాస్తా రాస్తా పైకి చదివినావు గదా. మా నాయన పేరు, మా ఊరు. నీకంతా తెలుసులే, ఇంటికి తోలుకుపోతావు అనుకున్నా. ఇంక నేనేం చెప్పేది?”

నేను పైకి చదివిన జ్ఞాపకం నాకు లేదు. ఆ గోలలో చదివినా నాకే వినబడదు. కానీ ఆ పిల్ల నెల రోజులపాటు నన్ను నమ్ముకుని, నవ్వుకుంటూ కూర్చుంది. నేనేమో మెప్పు కోసం నోరు మూసుకున్నాను. దాని తల నిమిరాను గానీ కళ్ళలోకి చూడలేకపోయాను.

తల్లి చేతుల్లో ఒక పసిగుడ్డు ఉంది. ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆడపిల్ల. మస్తానమ్మ ఎత్తుకుని పేరేమని అడిగింది.

“రవణమ్మ” అంది తల్లి. “మా వంశంలో ఎవురికీ లేదు ఆ పేరు. పుట్టంగానే నోటికొచ్చింది, పెట్టేసినాం.”

దేవసహాయమ్మ గారు లోపలికి పోయి రిజిస్టరు తెచ్చారు. పోయినేటి పేజీ తీశారు. కుంకుడు నురగ మరక అట్లాగే ఉంది. ఎర్రసిరా గీత కింద నా అక్షరాల్లో రవణమ్మ స్పష్టంగా కనిపిస్తూంది. ఆమె వేళ్ళ మీద నెలలు ఎంచారు. నేనూ ఎంచాను. నేను అది రాసిన శనివారానికి ఆ బిడ్డ తల్లి కడుపులో కూడా పడలేదు.

ఆమె పెన్ను తీసి, తను కొట్టేసిన గీత పక్కనే ‘కొట్టివేత పొరపాటు, మొదట రాసినదే సరి’ అని రాసి మళ్ళీ సంతకం పెట్టారు. ఆ పేజీ చూసిన ఇన్‌స్పెక్టరు ఎవరైనా ఆమెకు మతి చలించిందనుకుని ఉంటారు.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు నేను పిల్లల శరణాలయాల్లోనే పని చేశాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆచూకీ లేని ప్రతి పిల్ల వచ్చినప్పుడూ మా నాయన పెన్ను తీసి, పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, ఎడమచేతి చిటికెనవేలు అందించి ఎదురుచూసేదాన్ని. శనివారాలు కూడా చూసుకున్నాను. చేతులకు కుంకుడు నురగ పూసుకుని కూర్చున్న రోజూ ఉంది. మస్తానమ్మ చూసి నవ్వింది గానీ ఎందుకని అడగలేదు. ఏమీ రాలేదు. వాళ్ళలో కొందరు బందరు బస్సెక్కారు. వాళ్ళ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఊహతో గళ్ళు నింపడం మానేశాను. తెలియనప్పుడు తెలియదనే రాశాను, దండోరా వేయించాను, సంతలన్నీ నా కాళ్ళతో తిరిగాను. చాలామంది దొరికారు కూడా. ఇన్‌స్పెక్టర్లు ఎర్రసున్నాలు చుట్టారు, చుట్టనిచ్చాను.

ఎక్కడో విని మరిచిపోయి ఉంటావని మా ఆయన అనేవాడు. పెంచలయ్య సంగతి వరకు నేనూ సరేననేదాన్ని. రవణమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా వక్కపొడి నములుతూ ఊరుకునేవాడు. ఆ శనివారం బల్ల మీద ఆ పిల్ల నా వేలు పట్టుకున్నప్పుడు నా చేత అది రాయించింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గడి ఒక్కటి ఖాళీగానే వదిలేస్తున్నాను.